జాజ్ ఎక్కడ మొదలుపెట్టాలి? పాలకొల్లు మాండలిన్ దగ్గర

పోయిన ఉగాదికి నెల ముందు మా సంఘం కార్యవర్గం ముందుకు ఒక దరఖాస్తు వచ్చింది. మన సభ్యుల ఇంటి అబ్బాయి, కోయంబత్తూరులో ఇంజనీరింగ్ చదువుతున్నవాడు, సాంస్కృతిక కార్యక్రమంలో పదిహేను నిమిషాలు శాక్సోఫోన్ వాయిస్తానని అడిగాడు. ఏం వాయిస్తావు బాబూ అంటే జాజ్ అన్నాడు. మేము పెద్దగా ఆలోచించలేదు. తెలుగు పండుగకు అదేమిటని అనుకుని, మినిట్స్ పుస్తకంలో ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అని రాసి కింద సంతకాలు పెట్టాము. గుమాస్తా ఉద్యోగంలో ఏళ్ల తరబడి రాసిన వాక్యం, కలం పడితే దానంతటదే వచ్చేస్తుంది.

ఆ ఉగాదికి ఆ కుర్రాడు రాలేదు. ఏటా అతనితో కలిసి వచ్చి కుర్చీలు సర్దిపెట్టే నలుగురైదుగురు కూడా రాలేదు. పచ్చడి పంచుతూ హాలంతా చూస్తే ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మేలూరులో, చుట్టుపక్కల పల్లెల్లో మన ఇళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు గడప లోపల మాట్లాడుకునేదే తప్ప చదవడం, రాయడం పిల్లల్లో చాలామందికి రాదు. వాళ్లు ఏడాదికి ఒక్కసారి మన మధ్యకు వచ్చే ఆ ఒక్క దారిని కూడా మేమే మూశామన్న మాట.

రెండు నెలలు గడిచాక మదురైలో ఒక పెళ్లిలో ఆ అబ్బాయి నాన్నగారు కనిపించారు. కోపం ఏమీ చూపలేదు. భోజనాలయ్యాక పక్కకు పిలిచి, చెవికి ఇయర్‌ఫోన్ తగిలించి, “అన్నా, ఇది ఏ భాషో చెప్పండి” అన్నారు. పాడుతున్నది శంకర్ మహదేవన్. పాట త్యాగరాజస్వామివారి ‘గిరిరాజసుతా తనయ’, బంగాళ రాగం. కూడా వాయిస్తున్న గిటారు ఇంగ్లండులో పుట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్‌ది, తబలా జాకీర్ హుస్సేన్‌ది. “మావాడు వాయిస్తానన్నది ఈ దారిలోదే అన్నా” అన్నారాయన. మేము ఏమీ మాట్లాడలేకపోయాము.

అప్పటి నుంచి సంఘం గదిలో సాయంత్రాలు మేము ముగ్గురం, అందరమూ రిటైరైనవాళ్లమే, ఈ సంగీతాన్ని వింటున్నాము. ఏది వినాలో ఆ అబ్బాయే తన తండ్రి చేత ఒక కాగితం పంపించాడు. అర్థం కానివాటిని రెండు మూడుసార్లు విన్నాము. విన్నదాంట్లో మన చెవికి పట్టే దారి ఒకటి దొరికింది. దాన్ని మిగతా సభ్యులకు కూడా చెబుదామని ఇది రాస్తున్నాము.

మొదలు పెట్టవలసింది ఉప్పలపు శ్రీనివాస్ గారి దగ్గర. మన అందరి మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు బ్యాండులో వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడి వినిపిస్తే పిల్లవాడు దాన్ని వాద్యం మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ, అప్పటికి తొమ్మిదేళ్లు. మామూలు మాండలిన్‌కు జంట తీగలు నాలుగు, మొత్తం ఎనిమిది. దానితో గమకం పలకడం కష్టం. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, మన కచేరీ వేదికకు కొత్త వాద్యాన్ని తెచ్చారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి పదిహేనేళ్లు కూడా నిండలేదు. అక్కడ ఆయన వాయించింది మన కర్ణాటక సంగీతమే. అది జాజ్ వినేవాళ్ల చెవికి ఎక్కింది. ఎందుకు ఎక్కిందన్నది తెలిస్తే, వాళ్లది మన చెవికి ఎలా ఎక్కించుకోవాలో కూడా తెలుస్తుంది. ఆ సంగతికి కింద వస్తాము.

మెక్‌లాఫ్లిన్ 1970లలో ‘శక్తి’ అనే బృందం పెట్టారు. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయకరామ్. 1976లో వచ్చిన తొలి ఆల్బంలో మృదంగం వాయించినవారు రామ్నాడ్ వి. రాఘవన్ గారు. మేలూరు నుంచి రామనాథపురం ఎంత దూరమో మనకెవరూ చెప్పనక్కరలేదు. ఇరవై ఏళ్ల తర్వాత అదే బృందం ‘రిమెంబర్ శక్తి’ అన్న పేరుతో మళ్లీ కూడింది. అందులో ఒకప్పటి వయొలిన్ స్థానంలోకి వచ్చింది మన శ్రీనివాస్ గారి మాండలిన్. ‘ది బిలీవర్’ (2000), ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ (2001) రెండూ వినండి. పైన చెప్పిన త్యాగరాజ కీర్తన మొదట ఆ రెండో ఆల్బంలో వచ్చింది. 2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ గారు పోయారు. నలభై ఐదేళ్ల వయసు. 2023లో శక్తి బృందం ‘దిస్ మోమెంట్’ అనే కొత్త ఆల్బం తెచ్చింది. అందులో మొదటి అంశం పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’, అంటే శ్రీని కల. ఆయన జ్ఞాపకార్థమే. అదే ఆల్బంలో ‘మోహనం’ అని ఒకటుంది, ఆ త్యాగరాజ కీర్తన కూడా మళ్లీ ఉంది. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ అవార్డు వచ్చింది. పాలకొల్లు కుర్రవాడి పేరుతో మొదలై తెలుగు కీర్తన కలిగిన ఆల్బానికి ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన సంవత్సరంలోనే కాకపోయినా, ఆ చుట్టుపక్కలే మేము ఇది తెలుగు పండుగకు పనికిరాదని తీర్మానం రాశాము.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆ కీర్తన పేరు ఆల్బం మీద ‘గిరిరాజ్ సుధ’ అని అచ్చయింది. సుత అంటే కూతురు. గిరిరాజసుత పార్వతి, ఆమె తనయుడు వినాయకుడు. సుధ అంటే అమృతం. ఒక్క అక్షరంతో అమ్మవారు అమృతమైపోయారు. త, థ, ద, ధ నాలుగింటికీ ఒకే అక్షరమున్న లిపి మధ్య తరతరాలుగా బతుకుతూ, రేషన్ కార్డులో మన పేర్లు ఏమవుతాయో చూస్తున్న మనకు ఇది వింత కాదు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాము. పిల్లలకు ఆ పాట వినిపించేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి. ఒక తెలుగు అక్షరం నేర్పినట్టవుతుంది.

శక్తి బృందానిది అచ్చమైన జాజ్ కాదని వాదించేవాళ్లున్నారు. గ్రామీ వచ్చింది కూడా జాజ్ విభాగంలో కాదు. ఆ తగాదా మనకెందుకు? అది గుమ్మం. గుమ్మం దాటి లోపలికి వెళ్దాం.

జాజ్‌లో ఒక అంశం ఎలా నడుస్తుందో కచేరీ వినే అలవాటున్నవారికి రెండు మాటల్లో చెప్పవచ్చు. మొదట అందరూ కలిసి ఒక బాణీ వాయిస్తారు. మన పల్లవి అనుకోండి. తర్వాత ఒక్కొక్కరే ఆ బాణీ కొలత దాటకుండా అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. అది మన కల్పనస్వరం లాంటిది. డ్రమ్స్ వాయించేవారికి తని ఆవర్తనం లాంటి అవకాశం వస్తుంది. ఒక్కోసారి నాలుగేసి బార్ల చొప్పున ఒకరికొకరు జవాబు చెప్పుకుంటారు. మన మృదంగం, ఘటం చేసే పనే. చివరికి మళ్లీ మొదటి బాణీకి వచ్చి ముగిస్తారు. బెర్లిన్‌లో వాళ్లకు మన శ్రీనివాస్ గారు ఎందుకు నచ్చారో ఇప్పుడు తెలిసిందనుకుంటాము. రాగం తెలియకపోయినా, మనిషి కళ్ల ముందు కల్పించి వాయిస్తున్నాడన్నది వాళ్ల చెవికి తెలుసు.

కొలత లెక్క కూడా చూద్దాం, లెక్కలంటే మాకు సరదా. ఎక్కువగా కనిపించే కొలతలు రెండు. ఒకటి పన్నెండు బార్లది. బారుకు నాలుగు చొప్పున 48 అక్షరకాలాలు, అంటే ఆరు ఆది తాళ ఆవర్తనాలు. రెండోది ముప్ఫై రెండు బార్లది. 128 అక్షరకాలాలు, పదహారు ఆవర్తనాలు. ఇది తెలిశాక 1959లో వచ్చిన మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బంలో మొదటి అంశం ‘సో వాట్’ పెట్టుకుని, చేత్తో ఆది తాళం వేస్తూ వినండి. బేస్ ఒక ప్రశ్న అడిగినట్టు వాయిస్తుంది, మిగతావాళ్లు రెండు ముక్కల్లో జవాబు చెబుతారు. స్వరాలు పట్టి చూస్తే అది మన ఖరహరప్రియ మెట్టు. మొదటి ఎనిమిది ఆవర్తనాలు ఒక శ్రుతిలో నడుస్తుంది. తర్వాత నాలుగు ఆవర్తనాలు అదే మెట్టు, కాని ఆధార షడ్జం అరస్వరం పైకి జరుగుతుంది. ఆఖరి నాలుగు మళ్లీ మొదటి శ్రుతికి దిగుతుంది. మాలో ఒకరు నాలుగోసారి విన్నప్పుడు ఆ జరగడం పట్టుకుని, కుర్చీలో నుంచి లేచి నిలబడ్డారు. గమకం ఉండదు కాబట్టి ఖరహరప్రియ రాగం విన్నట్టు ఉండదు. స్వరాలు తెలిసినవే, నడక వేరు. డేవిస్ ట్రంపెట్ తర్వాత జాన్ కోల్ట్రేన్, ఆయన తర్వాత కేనన్‌బాల్ ఆడర్లీ శాక్సోఫోన్లు, చివర బిల్ ఎవాన్స్ పియానో. ఒకే కొలతను నలుగురు నాలుగు రకాలుగా నింపడం వినడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు దొరకలేదు.

మనకు కొత్తగా ఉండేవి రెండు. ఒకటి, మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగించడం. వాటిని కార్డ్స్ అంటారు. మన సంగీతంలో ఇవి లేవు కాని మన చెవులకు అంత కొత్త కాదు. పన్నైపురం నుంచి వచ్చిన ఇళయరాజా పాటలు నలభై ఏళ్లుగా బస్సుల్లోనూ టీ కొట్ల దగ్గరా వింటున్నాము కదా. గొంతు కింద బేస్ గిటారు వేరే దారిలో నడవడం అక్కడే అలవాటైంది. త్యాగరాజస్వామికీ జర్మనీ సంగీతకారుడు బాఖ్‌కూ అంకితమిచ్చి ఆయన చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’ (1986) ఇంట్లో ఉంటే ఒకసారి మళ్లీ తీయండి. రెండోది తాళంలో బరువు. మన చెయ్యి సమం మీద పడుతుంది. జాజ్ వాళ్లు నాలుగింటిలో రెండు, నాలుగు మీద చప్పట్లు కొడతారు. మాకు ఇది రావడానికి వారం పట్టింది. దేవరాట్టం ఆడే రాజకంబళం ఇళ్లవారికి, దేవదుందుభి చప్పుడు వింటూ పెరిగినవారికి, ఇంత కూడా పట్టదేమో.

ఇప్పటివాళ్ల సంగతికి వద్దాం. మా ముగ్గురికీ నచ్చిన వరసలో చెబుతాము.

రుద్రేశ్ మహంతప్ప కన్నడ మూలాలున్న అమెరికా శాక్సోఫోన్ విద్వాంసుడు. జాజ్ చదువుకునే రోజుల్లో సోదరుడు సరదాకు ఒక ఆల్బం కొనిచ్చాడట. అది కద్రి గోపాల్‌నాథ్ గారిది. కోవెల ఉత్సవాల్లో, పెళ్లి మండపాల్లో మనమంతా విన్న ఆ శాక్సోఫోనే. తర్వాత ఆయన కద్రి వారిని వెతుక్కుంటూ వచ్చి, ఇద్దరూ కలిసి ‘కిన్స్‌మెన్’ (2008) చేశారు. ఒకే వాద్యం, రెండు నడకలు. అందులో వయొలిన్ విజయనగరంలో పుట్టిన మన అవసరాల కన్యాకుమారి గారిది. నాదస్వరం వినే చెవులకు మేము ముందుగా చెప్పేది ఇదే. కద్రి గోపాల్‌నాథ్ గారు 2019లో పోయారు కాబట్టి ఈ జత మళ్లీ వినబడదు.

విజయ్ అయ్యర్ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన తమిళ కుటుంబం వారు, పియానో. గిటారు ప్రసన్న, హైదరాబాదు నుంచి వెళ్లిన తబలా కళాకారుడు నితిన్ మిట్టాలతో కలిసి చేసిన ‘తీర్థ’ (2011) వినండి. డ్రమ్స్ లేవు, బేస్ లేదు, ఆ పనంతా తబలా చేస్తుంది. ఆయనవే ‘హిస్టారిసిటీ’ (2009), ‘అనీజీ’ (2021) ఉన్నాయి. నిజం చెప్పాలంటే ‘అనీజీ’ మాకు మొదటిసారి ఎక్కలేదు. ఒకరు మధ్యలోనే కాఫీకి లేచారు. పది రోజుల తర్వాత మళ్లీ పెడితే అదే మనిషి కదలకుండా విన్నారు. ఎక్కని ఆల్బాన్ని పారేయకండి, పక్కన పెట్టండి.

మన దేశపు వాసన ఏమీ లేని అచ్చమైన జాజ్‌కు రావాలంటే గాత్రంతో రావడం సుళువు. సమారా జాయ్ వయసు ఇంకా ముప్ఫై దాటలేదు. పాత పాటలను తీరుబాటుగా, స్పష్టంగా పాడుతుంది. ‘లింగర్ అవైల్’ (2022) పెడితే వంటింట్లో ఉన్న మా ఇంటివాళ్లు కూడా బయటికి వచ్చి కూర్చున్నారు. దాని తర్వాత సెసీల్ మెక్‌లోరిన్ సాల్వాంట్ ‘ఘోస్ట్ సాంగ్’ (2022) వినవచ్చు. ఇది కొంచెం వింతగా ఉంటుంది. ఓపికున్నవారికి కమాసీ వాషింగ్టన్ ‘ది ఎపిక్’ (2015) ఉంది. మూడు డిస్కులు, ఇంచుమించు మూడు గంటలు. పాతకాలపు కచేరీలకు అలవాటుపడ్డవాళ్లం, మూడు గంటలంటే భయపడతామా? ఇమ్మాన్యుయెల్ విల్కిన్స్ ‘ది సెవెంత్ హ్యాండ్’ (2022) ఆఖరి అంశం మాత్రం ఇరవై ఆరు నిమిషాల తుఫాను. దాన్ని రాత్రి పడుకునే ముందు పెట్టవద్దని మా సలహా.

లండన్ నుంచి నుబియా గార్సియా ఉంది. శాక్సోఫోన్, ఆల్బం ‘సోర్స్’ (2020). తల్లిది గయానా, తండ్రిది ట్రినిడాడ్. అమ్మానాన్నల దేశాల పాటల నడకను ఈ అమ్మాయి జాజ్‌లో కలిపి వాయిస్తుంది. వేరే గడ్డ మీద పుట్టిన పిల్ల, ఇంటి నుంచి తెచ్చుకున్నదాన్ని బయట నేర్చుకున్నదాంట్లో కలుపుకుంటోంది. మేము తిరస్కరించిన దరఖాస్తులో ఆ కుర్రాడు ఏం వాయిద్దామనుకున్నాడో అప్పుడు అడగనేలేదు. మొన్న అడిగితే చెప్పాడు: మోహనంలో మొదలుపెట్టి జాజ్ కొలతలోకి వెళ్లి, మళ్లీ మోహనానికి రావాలనుకున్నాడట.

కోయంబత్తూరు పాఠకులకు ఒక మాట. అలిస్ కోల్ట్రేన్ అనే హార్ప్, పియానో విద్వాంసురాలు 1971లో ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ అని ఒక ఆల్బం తెచ్చింది. జాజ్ వినేవాళ్లు ఇప్పటికీ నెత్తిన పెట్టుకునే ఆల్బం అది. ఆ సచ్చిదానంద ఆమె గురువు స్వామి సచ్చిదానంద, మీ ఊరి పక్కనున్న చెట్టిపాళయంలో పుట్టినవారు. తంబురా శ్రుతి మీద హార్ప్, శాక్సోఫోన్ ఎలా తేలుతాయో వినండి. ఆ దారిలో ఇప్పుడు నడుస్తున్న గాయని గణవ్య. ఆమె ‘డాటర్ ఆఫ్ ఎ టెంపుల్’ (2024) కూడా దొరుకుతుంది.

ఇక మీకు మీరే కొత్తవి వెతుక్కునే పద్ధతి. మేళం కుదుర్చుకునేటప్పుడు మనం ఏం చేస్తాము? నాదస్వరం ఎవరని ఒక్కటే అడగం, తవిల్ ఎవరని కూడా అడుగుతాము. తవిల్ నచ్చితే ఆయన ఎవరెవరికి వాయిస్తాడో వాకబు చేస్తాము. ఇక్కడా అంతే. ఆల్బం వెనక పక్కవాద్యాల పేర్లు చూడండి. ‘కిన్స్‌మెన్’లో గిటారు రెజ్ అబ్బాసీ. అతని పేరు పట్టుకుని వెళ్తే మహంతప్పతోనే చేసిన ‘ఆప్తి’ (2008) దొరికింది. అందులో తబలా డాన్ వైస్ అనే అమెరికన్. అతని పేరు పట్టుకుంటే తీన్‌తాల్‌ను పూర్తిగా డ్రమ్స్ మీద వాయించిన రికార్డు దొరికింది. ఒక కొసను పట్టుకుంటే చీర అంతా చేతికి వచ్చినట్టు. ఈ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో వెతకాలి. అది మనకు కష్టమైతే ఇంట్లో పిల్లల చేత టైపు చేయించండి. కష్టం కాకపోయినా వాళ్ల చేతే చేయించండి.

ఫోను స్పీకరులో మాత్రం వినకండి. బేస్ అందులో వినబడనే వినబడదు, సగం సంగీతం పోతుంది. ఒకే అంశాన్ని ఒకసారి బేస్ కోసం, ఒకసారి డ్రమ్స్ కోసం, మూడోసారి ముందు వాయించేవారి కోసం వినండి.

మినిట్స్ పుస్తకంలో రాసినదాన్ని కొట్టివేయకూడదన్నది నియమం. అందుకని పాత తీర్మానం అలాగే ఉంది. పోయిన నెల సమావేశంలో దాని కింద కొత్తది రాశాము: వచ్చే ఉగాదికి యువకులకు ముప్ఫై నిమిషాలు కేటాయించడమైనది, ఏం వాయించాలో వాళ్లే నిర్ణయించుకోవలెను. ఒకరు ఒప్పుకోలేదు. ఆయన అసమ్మతిని కూడా రాశాము. ఆ అబ్బాయికి ఫోను చేసి విషయం చెప్పాము. పరీక్షలున్నాయి, సెలవులకు వచ్చినప్పుడు చూద్దాం అంకుల్ అన్నాడు. వస్తానని మాట ఇవ్వలేదు.

ఈలోగా ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం ఐదింటికి సంఘం గదిలో కూర్చుని గంటసేపు విందామని అనుకుంటున్నాము. మొదటి వారం ‘దిస్ మోమెంట్’, తర్వాత ‘సో వాట్’. టీ ఖర్చు సంఘానిది. బేస్ బాగా పలికే స్పీకరు మా దగ్గర లేదు. ఎవరింట్లోనైనా ఊరికే పడి ఉంటే ఆ ఒక్క సాయంత్రానికి ఇప్పించండి, రిజిస్టరులో రాసుకుని భద్రంగా తిరిగి అప్పగిస్తాము.